కండక్టరు కళ్ళు మూసుకుంటే

ధ్యానకేంద్రం గడప బయట చెప్పుల ముక్కులు వీధివైపు తిప్పిపెట్టే ఆచారం ఎప్పుడు మొదలైందన్న విషయంలో వాదోపవాదాలకు తావు లేదు. పద్నాలుగేళ్ళ కిందట, చినుకులు పడుతున్న ఒక గురువారం, ఉదయం ఐదుంపావుకు డ్రిల్లు మాస్టారు దానికి శ్రీకారం చుట్టారు. అంతకు మునుపు జనం ధ్యానం ముగించి, ప్రశాంతచిత్తులై బయటికొచ్చి, చెప్పుల కోసం ఒకరినొకరు తోసుకునేవారట. ఆ అంధయుగం గురించి చెప్పగలవారు ఇప్పుడు మాస్టారు ఒక్కరే.

ఆయన బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల్ని వరసల్లో నిలబెట్టారు. రిటైరయ్యాక కేంద్రంలో పెద్దల్ని వరసల్లో కూర్చోబెట్టారు. నడుం వంచిన వారి వెనక్కి చప్పుడు లేకుండా వచ్చి రెండు వేళ్ళతో వీపు నిమిరేవారు. ఆ వేళ్ళకు భయపడి తరించినవారు చాలామంది.

కేంద్రానికి గురువు అమ్మగారు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, మాట తక్కువ. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కనుక, ఈసారి పదిరోజుల మౌనశిబిరం ముగిశాక ఉదయం ధ్యానం నడిపే పని వేరొకరికి అప్పగిస్తానన్నారు. ఆ వేరొకరు ఎవరో మాస్టారికి ఎంతమాత్రం సందేహం లేదు. శిబిరం రెండోరోజు దాకా.

రెండోరోజు నుంచి శిష్యులు ఒక్కొక్కరుగా అమ్మగారి గదిలోకి వెళ్ళి సందేహాలు అడగవచ్చు. మనిషికి ఐదు నిమిషాలు. తలుపు బయట గడియారం పట్టుకుని నిలబడేది మాస్టారే. బస్సు కండక్టరుగా చేసి రిటైరై, రెండేళ్ళ కిందట కేంద్రంలో సాయంత్రం ధ్యానానికి చేరిన మనిషి లోపలికి వెళ్ళి పన్నెండు నిమిషాలకు బయటికొచ్చాడు. మూడోరోజు పదిహేడు. మాస్టారికి మాత్రం నాలుగున్నర.

పైగా ఆ కండక్టరు కళ్ళు మూసుకుంటే కదలడు. దగ్గడు, గోకడు, కాలు మార్చడు. కొత్తగా వచ్చినవాళ్ళు కళ్ళు తెరిచి మరీ ఆయన్ని చూస్తున్నారు. ధ్యానంలో ఎవరెవరు కళ్ళు తెరిచారో మాస్టారికి తెలుసు. ఎలా తెలుసని ఎవరూ అడగలేదు.

మాస్టారి భార్య వంటింటి బాధ్యత చూసేది. వంటింటికి మౌనం వర్తించదు. మాస్టారు కిటికీ దగ్గర చేరారు.

"పదిహేడు నిమిషాలు! ఏం మాట్లాడుకుంటారంటావ్?"

"మీరు మౌనంలో ఉన్నారు కదండీ?"

"నీతో మాట్లాడితే మాట్లాడినట్టు కాదులే."

"అవును, ఇన్నేళ్ళుగా చూస్తున్నాగా. అయినా నోరు మూసుకుని కూడా ఇంత గొడవ ఎలా పడతారండీ మీరు?"

"వాడిది ధ్యానం కాదే, నిద్ర!"

"పోనీ, మీరూ కాసేపు పడుకోండి. మొహం పీక్కుపోయింది."

ఆ మాట చెవిన పడిందే గాని మనసుకు పట్టలేదు. శిబిరంలో ఎవరికి ఏ అవసరమున్నా చీటీ రాసి రేకు డబ్బాలో వెయ్యాలి. మధ్యాహ్నం మాస్టారే ఆ చీటీలు తీసి అమ్మగారికి అందిస్తారు. ఆరోరోజు ఆయన ఎడమచేత్తో, పేరు లేకుండా, ఒక చీటీ రాసి డబ్బాలో వేశారు. గంట ఆగి తానే తీశారు. తొలిసారి చూస్తున్నట్టు ముఖం పెట్టి అమ్మగారికిచ్చారు.

అమ్మగారు చదివారు. "కండక్టరుగారు ధ్యానంలో నిద్రించుచున్నారు. తగు చర్య నిమిత్తం తమ దృష్టికి తేవడమైనది." పైన కుడివైపు తేదీ, వేళ. కింద గీత, స్కేలుతో కొట్టినది.

"చెయ్యి నొప్పి పుట్టిందా మాస్టారూ?" అన్నారామె.

మౌనం అంత అక్కరకొచ్చిన రోజు మాస్టారి జీవితంలో మరొకటి లేదు.

మిగిలిన నాలుగురోజులూ ఆయన ఆశ వదులుకుని, అసూయ మాత్రం అట్టేపెట్టుకున్నారు. కండక్టరు ముద్ద మింగినా, మెట్టు దిగినా, అందులో ఏదో ఆధ్యాత్మికత కనబడి ఒళ్ళు మండేది.

పదోరోజు మౌనం ముగిసింది. భోజనాల హాల్లో అందరూ ఒక్కసారిగా మాట్లాడుతుంటే అమ్మగారు చెయ్యెత్తారు. "సోమవారం నుంచి ఉదయం ధ్యానం డ్రిల్లు మాస్టారు నడుపుతారు."

మాస్టారి వెన్ను మరో అంగుళం నిటారయింది. గెలిచినవాడి ఔదార్యంతో ఆయన టీ గ్లాసు పట్టుకుని కండక్టరు దగ్గరికి నడిచారు.

"ఏమయ్యా, మనసులో ఏమీ పెట్టుకోకు. దేనికైనా అనుభవం ఉండాలి."

"భలేవారే! నాకెందుకండీ బాధ?" అన్నాడు కండక్టరు చల్లగా. "ముప్పై ఏళ్ళు నిలబడే పని చేశాను. కూర్చోమంటే చాలు, నాకు ఒళ్ళు తెలీని నిద్ర. అదే చెప్పాను అమ్మగారికి. వింటేనా? రోజూ ఆ గదిలో ఒకటే గోల, నువ్వే నడపాలి, నువ్వే నడపాలని."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "ముందు నిన్నడిగారా?"

"ఎనిమిది రోజులు అడిగారు."

"నిద్ర వస్తుందని నువ్వే కాదన్నావన్నమాట."

"అబ్బే, దానికి ఆవిడకి అభ్యంతరం లేదండీ."

"మరి?"

ఉదయం ధ్యానం ఐదున్నరకు. కండక్టరు ఉండే పేట నుంచి మొదటి బస్సు ఆరుంపావుకు.