గంజితో పూడ్చిన గాడి

ఈ కాలపు పనోళ్ళు మిషన్ పెట్టి రెండు నిమిషాల్లో తలుపుకు గాడి తీసి, అది వదులైతే లప్పం పూసి పోతున్నారు. మొన్న పక్కింట్లో అది చూసి ఒళ్ళు మండింది. టేకు పొట్టు వాసన తగిలేసరికి ఆ కోపం కూడా నీరుగారిపోయింది.

డెబ్బైల్లో మా బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మా ఇంటికి మొదటిసారి టేకు తలుపు చేయించాడు. గడియ కింది ఇనుప పట్టీ చెక్కలో సమంగా కూర్చోవాలని, వడ్రంగం చేసే వడ్ల సత్తెయ్య తాత దాని మందమంత లోతుకు ఉలితో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గాడి తొలిచాడు. నాకప్పుడు ఏడేండ్లు. కొత్త తలుపును పాడుచేశాడనుకున్నాను. ఆయన బువ్వకు పోగానే రంపపు పొట్టును నూలుకు పెట్టే గంజిలో కలిపి, గాడి నిండా మెత్తి నున్నగా చేశాను.

తాత వచ్చి గాడి చూశాడు, నా వేళ్ళు చూశాడు. మళ్ళీ ఉలి అందుకున్నాడు. అంతలో బాపు మగ్గం మీంచి లేచి వచ్చాడు.

"పొద్దున కొట్టిందే మళ్ళ కొడ్తున్నవేంది తాతా?"

"కొలత తప్పింది బిడ్డా. కండ్లు మసకైనయ్."

"గట్లయితే ఇగ మనుమల ఆడిపిచ్చుకుంట కూసో" అని బాపు నవ్వాడు.

తాత తప్పును నేనే సరిచేశానని లోలోపల పొంగిపోయాను. తాత కొలత తప్పిన ముచ్చట బాపు వాడంతా చెప్పుకున్నాడు. ఆ ఏడు మరో మూడిండ్లకు కొత్త తలుపులు పెట్టించారు. ఒక్కరూ సత్తెయ్య తాతను పిలవలేదు.

నన్ను దెబ్బల నుంచి కాపాడడానికే ఆయన తప్పు నెత్తినేసుకున్నాడని మీసాలొచ్చాక గానీ నాకు తెలియలేదు. అప్పటికి తాత లేడు. బాపుకు చెబితే మగ్గం ఆపి, "గిప్పుడు చెప్తవార" అన్నాడు.