చింతపండుతో తోమిన తుపాకీ

మా ఆయన హేమచంద్రకు తిక్క రేగిందంటే, ఈ పరాయిదేశంలో మేముండే బ్లాక్‌టౌన్ రైలు స్టేషన్ దాకా వినబడుతుంది. తొంభైతొమ్మిది దసరా నాడు అదే జరిగింది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని వారమంతా ఆఫీసులో పాత ప్రోగ్రాములు దిద్దేవాడు. శనాదివారాలు గరాజ్‌లో తుపాకీతో కాపురం. పక్కింటి రాయ్ దగ్గర, లైసెన్సు తెచ్చుకుని మరీ కొన్న రెండు గొట్టాల పాత వేట తుపాకీ అది. దాని కర్రకు అరచేత్తో అవిసెనూనె పట్టించేవాడు. గొట్టాలకు రంగెక్కాలని, కావాలనే తుప్పు పట్టించి, నీళ్ళలో ఉడకబెట్టి, బ్రష్‌తో రుద్ది, మళ్ళీ తుప్పు పట్టించేవాడు. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే చలికాలమంతా ఇదే యజ్ఞం. చివరికి నేరేడుపండు రంగు తేలింది. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంత ముచ్చటగా చూడలేదు మహానుభావుడు!

ఆయుధపూజ రోజు ఆ గొట్టాలు ఊడదీసి, పీట మీద కారు తాళాల పక్కన పెట్టి, "అమ్మా, బొట్టు పెట్టు" అని చెప్పి స్నానానికి వెళ్ళాడు. మా అత్తగారు శారదాంబ అప్పుడు తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చి ఉన్నారు. పూజకు పెట్టే వస్తువును తోమకుండా బొట్టు పెట్టడం ఆవిడకు చేతకాదు. చింతపండు, ఉప్పు వేసి, దీపపు కుందుల్ని తోమినట్టు తోమేశారు. గొట్టాలు కొత్త స్టీలు గ్లాసుల్లా తళతళలాడాయి.

"ఎంత మసి పట్టిందిరా నాయనా! చేతులు పడిపోయాయి" అన్నారు సంబరంగా.

"మసి కాదమ్మా అది! చలికాలమంతా పడ్డ నా చాకిరీ! ఇకమీదట నా ఇంట్లో ఏదీ ముట్టుకోకు!"

అంతే. ఆవిడ నిజంగానే ఏదీ ముట్టుకోలేదు. మంచినీళ్ళు కావాలన్నా, "సీతా, గ్లాసు ముట్టుకోవచ్చేమో మీ ఆయన్ని అడుగమ్మా" అనేవారు. ఈయన మెట్టు దిగడు, ఆవిడా దిగరు. మధ్యలో నేను చావాలి!

ఆ ఆదివారం, కుందేళ్ళు పైరు తినేస్తున్నాయంటే, ఈయన రాయ్ తమ్ముడి పొలానికి వేటకు వెళ్ళాడు. తుపాకీ ఎత్తగానే గొట్టాలు ఎండకు తళుక్కుమన్నాయట, కుందేళ్ళు తుర్రుమన్నాయట. రెండు తూటాలూ మట్టిపాలు. ఇంటికొచ్చి ధడాలున తలుపు వేశాడు.

"బుధవారం మీ అమ్మ వెళ్ళిపోతున్నారు. ఇలాగే పంపిస్తారా?" అన్నాను.

"నువ్వూరుకో."

ఊరుకున్నాను, బుధవారం దాకా.

ఎయిర్‌పోర్టులో ఆవిడ కాళ్ళకు వంగాడు. ఆవిడ చెయ్యి అలవాటుగా కొడుకు తల మీదికి వచ్చి, మధ్యలోనే ఆగి, కొంగులోకి పోయింది. ఈయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అత్తయ్యా! ముట్టుకోవద్దన్నది ఆయనింట్లో. ఇది ఎయిర్‌పోర్టు. ముట్టుకోండి!"

ఆవిడ నావైపు చూశారు. వంగిన నెత్తి వైపు చూశారు. ఠంగుమని ఒక మొట్టికాయ వేశారు. ఆ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.