పెన్సిల్ చీటీలు

నాతో పనిచేసే సమాధానం మీద నాకు కోపం రాకూడదు. కానీ వచ్చేది అతని మీదే, ఎందుకంటే అతను ఎవరినీ ఏమీ అనడు.

అతని ఊరు ముత్తుకూరు పక్కన గవ్వలదిబ్బ. ఆరోగ్య కేంద్రం మలేరియా విభాగంలో, పరీక్షల కోసం దోమలు పట్టడం అతని ఉద్యోగం. పంతొమ్మిదేళ్లయినా ఇంకా కాంట్రాక్టే. తెల్లవారుతుండగా టార్చి పట్టుకుని పశువుల కొట్టాల్లో దూరి, గోడ మీద వాలిన దోమను గాజు గొట్టంలోకి నోటితో పీలుస్తాడు. దాని రెక్క కూడా నలగదు. అదే ఆరోగ్య కేంద్రంలో రక్తం స్లైడ్లు చూసే నాకు, ఈ అబిగయీలుకు, అతని పనితనం చూస్తే అసూయగా ఉండేది.

గవ్వలదిబ్బలో మూడేళ్లుగా జ్వరాలు. అక్కడ బోరు నీళ్లు ఉప్పు. వారానికోసారి, గురువారం సాయంత్రం, ట్యాంకరు వస్తే జనం డ్రమ్ములు నింపుకుంటారు. శుక్రవారం పొద్దున, దోమలు పెరగకుండా నిల్వ నీళ్లు ఖాళీ చేయించే డ్రై డే అంటూ మావాళ్లే వెళ్లి ఆ నీళ్లు పారబోస్తారు. దోమలు డ్రమ్ముల్లోనే పుడుతున్నాయని ఆఫీసు వాదన. అర కిలోమీటరు దూరంలో ఎవరో సగం కట్టి వదిలేసిన క్వార్టర్స్ ఉన్నాయి. వాటి తొట్లు మూతల్లేకుండా నిండి ఉన్నాయి. దోమలు అక్కడివేనని సమాధానం ఎన్నిసార్లు చెప్పినా, ఆఫీసువాళ్లు "రుజువేది?" అన్నారు.

ఆ రుజువు దొరికే దారి కనిపించింది. సిటీ ల్యాబు నుంచి ఒక మేడం వచ్చి, "దోమ కాలు ఒక్కటి చాలు. జన్యువులు పోల్చి చూసి అది ఎటు నుంచి ఎటు వచ్చిందో చెప్తాం" అన్నారు. సమాధానం ఐదు నెలలు తిరిగాడు. ఊళ్లో దోమలను, తొట్ల దగ్గరి దోమలను విడివిడిగా పట్టి, స్పిరిట్ పోసిన చిన్న సీసాల్లో వేశాడు. ప్రతి సీసాలో చోటు, తేదీ, నంబరు రాసిన చీటీ పెట్టాడు. అన్నీ పెన్సిల్‌తోనే రాశాడు.

పంపే రోజున కొత్త ఆఫీసరు నరేంద్రబాబు గారు ఒక సీసా ఎత్తి చూశారు. "పెన్సిలేందయ్యా? ఇది సర్కారు రికార్డు. అన్నీ పెన్నుతో తిరగరాయి."

"స్పిరిట్లో సిరా నిలవదు సార్."

"నాకు పాఠాలు చెప్పబాక."

సమాధానం నా వైపు చూశాడు. నాకు తెలుసు, నా స్లైడ్ల మీదా నేను పెన్సిల్‌తోనే రాస్తాను. కానీ నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీద ఉంది. నోరు విప్పలేదు సరికదా, కోటు జేబులోంచి నా జెల్ పెన్ను తీసి ఇచ్చాను. ఇద్దరం కూర్చుని రెండు వందల పద్నాలుగు చీటీలు తిరగరాశాం.

నాలుగు నెలలకు రిపోర్టు వచ్చింది. మ్యాపులో, వేరే కేంద్రాలవాళ్లు నమూనాలు పంపిన మిగతా ఊళ్లన్నిటికీ దోమలు వచ్చిన దారి చూపిస్తూ బాణాలున్నాయి. గవ్వలదిబ్బ దగ్గర ఖాళీ. చీటీల మీద రాత కరిగిపోయి ఏ సీసా ఎక్కడిదో తెలియలేదని, అందుకే వాటిని వదిలేశామని కింద రాశారు. మళ్లీ నమూనాలు తీసుకునేది వచ్చే ఏడాదే.

"చీటీ రాసేది కూడా రాదా ఈయనకి?" అన్నారు నరేంద్రబాబు గారు, అందరి ముందూ. సమాధానం తల వంచుకుని గాజు గొట్టం తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట అనొచ్చు కదా ఈ మనిషి! అనవలసింది నేనని తెలిసి కూడా, బయటికొచ్చాక అతని మీదే విసుక్కున్నాను.

ఆ శుక్రవారం మనుషులు చాలక డ్రై డేకి నన్నూ పంపారు. మొదటి ఇల్లు సమాధానానిదే. అతని భార్య ఫేబీ, గుడ్డ కట్టిన డ్రమ్ము ముందు నిలబడి ఉంది. గుడ్డ తీసి చూస్తే లోపల ఒక్క దోమ పురుగు లేదు.

"పారబోయాల ఫేబీ. మన ఇల్లు వదిలేస్తే ఊళ్లో వాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు సమాధానం.

ఫేబీ చెంబు ముంచి నాకు అందించింది. "తాగక్కా, ఎండన పడి వచ్చినావు. మళ్లా నీళ్లొచ్చేది గురువారమే."

సిగ్గుపడుతూనే తాగాను. తర్వాత ముగ్గురం కలిసి డ్రమ్ము వంచాం.