బస్సొస్తే చెప్పు

మా అన్న నాకు అప్పగించిన ఒకే ఒక్క ఉద్యోగం, ఆత్మకూరు బస్టాండు పక్కన వీడియోగేముల షాపు మెట్టు మీద కూర్చుని ఉదయగిరి బస్సు కోసం కనిపెట్టుకుని ఉండటం. "బస్సొస్తే చెప్పు" అని పరదా ఎత్తుకుని లోపలికి పోయేవాడు. ఆ పరదా అవతల ఏముందో చిన్నతనమంతా విన్నానే గాని చూడలేదు.

మాది ఉదయగిరి. ఇంటిల్లిపాదికీ చెక్క గరిటెలే పని. నాయన కొయ్య కోసి ఆకారం తీస్తే అమ్మా నేనూ గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేవాళ్లం. ఆదివారాలు ఆ గరిటెల మూట ఆత్మకూరులో ఒక అంగడికి చేర్చే పని మా ఇద్దరు పిల్లలది. మూట దించేసి, తిరుగు బస్సుకు ఇంకా టైముందని అన్న షాపులోకి దూరేవాడు. ఆడపిల్లలు అందులోకి పోకూడదని ఎక్కడా రాసిలేదు. రాయాల్సిన అవసరం లేదు, అందరికీ తెలుసు. ఒకసారి నేను పరదా కొంచెం పక్కకు జరిపితే షాపాయన, "ఏం పాపా, నీకేం పని ఈడ?" అన్నాడు. కోప్పడలేదు, మామూలుగానే అన్నాడు. మా అన్న వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

కాబట్టి కూర్చుని విన్నాను. బిళ్ల వేస్తే టింగుమని ఒక చప్పుడు. వెంటనే డప్పు మోత. ఆ పైన ఒకటే కొట్లాట. గుద్దు తగిలితే ఒక రకం చప్పుడు, గాల్లో తేలిపోతే ఇంకొక రకం. మనిషి పడిపోతే కుక్కపిల్ల తోక తొక్కినట్టు ఒక అరుపు. పడింది మా అన్న మనిషేనని నాకు తెలిసిపోయేది, ఎందుకంటే ఆ వెనకే అన్న నోట్లోంచి ఒక బూతు వచ్చేది. తర్వాత టిక్కుటిక్కుమని అంకెలు తగ్గుతున్న చప్పుడు, ఇంకొక బిళ్ల వేస్తావా వెయ్యవా అని. అది అయిపోతే అన్న బయటికి వస్తాడు. మళ్లీ టింగుమంటే రాడు. నా ఆదివారాలన్నీ ఆ టిక్కుటిక్కు మీద ఆధారపడి ఉండేవి.

ఒకసారి ఉదయగిరి బస్సొచ్చింది. "బస్సొచ్చిందన్నా" అన్నాను పరదా బయటనుంచి. "ఆఁ, ఆఁ" అన్నాడు. మళ్లీ చెప్పాను. లోపల టింగుమంది. కండక్టరు విజిలు వేశాడు, బస్సు పోయింది. ఆ తర్వాతి బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయింది. నాయన ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. "బస్సొస్తే చెప్పమన్నా, ఇది చెప్పలా" అన్నాడు అన్న. నాయన నా వీపు మీద ఒకటిచ్చాడు. చెప్పినాను నాయనా అంటే, "గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు. దెబ్బ మర్చిపోయాను గాని ఆ మాట మర్చిపోలేదు.

నన్ను ఇచ్చింది కూడా ఆత్మకూరుకే. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచర్ని. గేముల షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, మెట్టు మాత్రం అదే. రోజూ దాని ముందునుంచే స్కూలుకు పోతాను. అట్లా పోతూ పోతూ ఒకరోజు అనుకున్నాను, అలాంటి పెట్టె నేనే ఎందుకు చేయించుకోకూడదు అని. నిలబడి ఆడేది, చేత్తో పట్టి తిప్పే కర్రా, బటన్లూ ఉండేది, అచ్చం అదే. ఆటలు ఫోన్లోనే వస్తాయిగా అన్నాడు మా ఆయన. నాకు కావలసింది ఆట కాదు, పరదా లోపల నిలబడటం. ఆ మాట ఆయనకు చెప్పలేదు. నవ్వుతాడని కాదు, అర్థమైనట్టు తలూపి ఊరుకుంటాడని.

నాయనకు ఫోన్ చేస్తే, "బీరువా మాదిరా?" అన్నాడు. బీరువాలాంటిదే, ముందు వాలుగా ఒక బల్ల, దాని పైన తెర పట్టే చోటు, వెనక ఒక తలుపు. బొమ్మ గీసి పంపించాను. తెర వెడల్పు, బటన్ల మధ్య ఎడం, అన్నీ వేశాను. ఎత్తు దగ్గర మాత్రం 'నిలబడి ఆడటానికి' అని రాసి వదిలేశాను. నిలబడేది నేనే కదా, కన్న తండ్రికి నా ఎత్తు తెలియదా అనుకున్నాను.

పని మొదలైందో లేదో అన్న దగ్గర్నుంచి ఫోను. అన్న నాయనతోనే ఉంటాడు, గరిటెలు బయటి ఊళ్లకు పంపే బేరం చూసుకుంటాడు.

"పెట్టె నాయన చేస్తాండాడు గదా, కంప్యూటరు నాకొదిలెయ్. నెల్లూరులో మావాడొకడుండాడు. రంగురంగుల లైట్లెలిగే మిషను కడతాడు, పదివేల గేములు ఎక్కించిస్తాడు" అన్నాడు.

"నాకు ఒకటి చాలన్నా."

"ఒకదానికి అంత పెట్టె దేనికే?"

పిల్లలకు కంప్యూటరు పాఠం చెప్పేదాన్ని నేను. కంప్యూటరు ఎంచేది మాత్రం నెల్లూరు మావాడు. ఒళ్లు మండింది గాని, సరే కానీ అని ఊరుకున్నాను.

ఎంచడం నిజానికి అంత కష్టం కాదు. ఆ కాలపు ఆటలకు పెద్ద యంత్రం అక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ పెట్టెల్లో ఉన్న సర్క్యూట్ బోర్డు ఎట్లా పనిచేసేదో అచ్చం అట్లా కంప్యూటరు చేత నటింపజేసే సాఫ్ట్‌వేరు ఉంటుంది, దాన్ని ఎమ్యులేటర్ అంటారు. నటన బాగుందా లేదా అన్నదే చూసుకోవాలి. అందరూ తెర వంక చూసి చెప్తారు. నేను కళ్లు మూసుకున్నాను.

మొదట స్కూల్లో ఉన్న అరచేతి వెడల్పు బోర్డు కంప్యూటరు మీద చూశాను. మనిషి ఒక్కడే ఉన్నంతసేపు బాగానే ఉంది, శత్రువులు గుంపుగా వచ్చేసరికి చప్పుడు చినిగిపోయింది. తర్వాత అన్న, నెల్లూరు మనిషి చేత ఆ లైట్ల మిషను ఉదయగిరికే తెప్పించాడు. నేనొక సెలవు పెట్టుకుని పోయి చూశాను. తెర నిండా బొమ్మలు తిరిగే మెనూ, ఒక ఆట తెరవడానికి ఇన్ని బటన్లు. మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక ఆ మిషను తనకేమైనా అయిందేమోనని తన ఒళ్లు తనే తడుముకుంటూ చాలాసేపు కూర్చుంది. అదొక్కటే అయితే సర్దుకుపోయేదాన్నే. బటన్ నొక్కిన తర్వాత గుద్దు చప్పుడు రావడానికి ఒక చిన్న సందు ఉంది.

"చప్పుడు ఆలస్యంగా వస్తాంది" అన్నాను.

"ఏడ? నాకేం తెలీలా" అన్నాడు అన్న.

"అక్కా, సౌండ్ సంగతి వదిలెయ్యండి, గ్రాఫిక్స్ చూడండి ముందు" అన్నాడు నెల్లూరు మనిషి.

గ్రాఫిక్స్ నేనెప్పుడు చూశాను గనక. ఆ మాట పైకి అనలేదు, అన్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ మిషను వద్దని మాత్రం చెప్పి వచ్చేశాను. అన్న మొహం మాడ్చుకున్నాడు.

చివరికి మా స్కూలు ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటరు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. చేతిసంచిలో పట్టేంత చిన్నది, చూడటానికి అన్నం క్యారియరుకున్న అందం కూడా లేదు. అందులో ఉన్నదంతా తుడిచేసి, ఉచితంగా దొరికే తేలికైన సిస్టమ్ ఎక్కించాను. మెనూ లేదు, పలకరింపు లేదు, స్విచ్ వేస్తే నేరుగా ఆటే. కరెంటు పోయి వచ్చినా దానికి పట్టదు. కళ్లు మూసుకుని బటన్ నొక్కాను. నొక్కు, చప్పుడు, రెండూ ఒకటే.

అప్పటికీ పని తీరలేదు. డప్పు మోత తేడాగా ఉంది. అదే ఆట, అదే కొట్లాట, కానీ నేను మెట్టు మీద విన్నది ఇది కాదు. ఎక్కడెక్కడో వెదికి, చదివి, ఆఖరికి తెలుసుకున్నాను. అప్పట్లో మన ఊళ్లకు వచ్చినవి చాలావరకు దొంగ బోర్డులట. అసలు ఆటను కాపీ కొట్టి, చప్పుళ్లు తమకు చేతనైనట్టు మార్చేవాళ్లట. ఆ డూప్లికేట్లను కూడా ఎవరో ఓపికగా దాచిపెట్టారు. ఒక్కొక్కటే వింటూ పోతే ఒకదానిలో డప్పు మోగింది, మనిషి పడ్డాడు, కుక్కపిల్ల అరిచింది. ఫోన్లో అన్నకు వినిపించాను.  "ఇదే, ఇదే. నీకెట్లా తెలుసు?" అన్నాడు.

"నేనాడనే ఉన్నా గదా."

"నువ్వెప్పుడున్నావు?" అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే గుర్తులేదు అతనికి.

ఎండాకాలం సెలవులకు కంప్యూటరు సంచిలో పెట్టుకుని ఉదయగిరికి పోయాను. నాయన చేసిన పెట్టె చుట్టూ తిరిగి చూశాను. అతుకు ఎక్కడుందో కనపడదు. తిప్పే కర్ర మీద గుండు, గరిటెలు చేసే కొయ్యతోనే చెక్కాడు, అమ్మ రుద్ది రుద్ది గాజులా చేసింది. వెనక తలుపు తీసి కంప్యూటరు లోపల పెట్టి, ముందే కొని పంపించిన తెరకూ బటన్లకూ తీగలన్నీ కలిపాను. ముందుకొచ్చి నిలబడ్డాను. బల్ల నా ఛాతీ దాకా వచ్చింది. మోచేతులు రెక్కల్లా పైకి లేపితే గాని బటన్లు అందడం లేదు.

"ఎత్తెక్కువైంది నాయనా."

"లేదే. అన్నను నిలబెట్టి కొలిచినా. వానికి సరిగ్గా ఉండాది."

"చేయించుకుంది నేను గదా."

"నువ్వు చేయించినావు, ఆడేది వాడే గదా" అన్నాడు నాయన. పొద్దు తూర్పున పొడుస్తుంది అన్నట్టు చెప్పాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, మిగిలిన చెక్కలతో అప్పటికప్పుడు ఒక ఎత్తుపీట కొట్టి ఇచ్చాడు. నాయన నాకు చేసిచ్చిన రెండో పీట అది. మొదటిది పెళ్లికి.

పీట ఎక్కి నిలబడ్డాను. టింగుమంది. డప్పు మోగింది. నా చేతి కింద ఆ మనిషి కదిలాడు, నా గుండె కొట్టుకుంది, అబద్ధం ఎందుకు. ఎవడో వచ్చి ఒక్క గుద్దు గుద్దాడు. కుక్కపిల్ల అరిచింది. మళ్లీ లేచాను, మళ్లీ అరిచింది. వినడం వేరు, ఆడటం వేరు. టిక్కుటిక్కుమని అంకెలు తగ్గడం మొదలైంది.

"జరుగు, నీకు రాదుగానీ నేను చూపిస్తా" అన్నాడు అన్న. అంకెలు తగ్గుతున్నాయి. జరిగాను. ఆ జరగడం ఎందుకు జరిగానో అని ఇప్పటికీ నా మీద నాకు మంటే.

అన్న పీటను కాలితో పక్కకు తోసి నిలబడ్డాడు. చేతులు హాయిగా బల్ల మీద వాలాయి. తర్వాత నాకు ఒక్క బటన్ కూడా అందలేదు. మంచం మీద కూర్చుని విన్నాను. గుద్దులు, గాల్లో తేలడం, బూతు, టింగు. ఒక్క చప్పుడు కూడా తేడా లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు.

ఊరికి బయల్దేరే రోజు, పెట్టెను ఆత్మకూరు చేర్చడానికి ఆటో ట్రాలీ మాట్లాడమన్నాను. అన్న ఊళ్లోకి పోయి ఉన్నాడు. అమ్మ నసిగింది. "అంత పెద్దది ఆడికెట్లా తీసకపోతావే. అత్తగారింట్లో నవ్వుతారు. ఆడపిల్ల ఆడ పిల్లేగాని ఈడ పిల్ల కాదంటారు, నీ సామాను మాత్రం ఈడుంటే ఏం? వచ్చినప్పుడల్లా ఆడుకుందువులే."

 నేను సంచి భుజానికేసుకుంటుంటే నాయన లోపలికి పోయి ఆ ఎత్తుపీట తెచ్చి నా చేతికిచ్చాడు. "ఇది తీసకపో పాపా. ఈడ దీంతో ఎవురికీ పన్లేదు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే భరించలేకపోయాను.

పీట కింద పెట్టాను. లోపలికి పోయి పెట్టె వెనక తలుపు తీసి, తీగలు ఒక్కొక్కటే ఊడబెరికి, నా కంప్యూటరు నా సంచిలో వేసుకున్నాను. తలుపు మళ్లీ వేశాను. పీట వాళ్లకే వదిలేసి బస్టాండుకు నడిచాను.

బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గెలిచినట్టేమీ అనిపించలేదు. పెట్టె లేకుండా ఇదేం చేసుకుంటాను, ఫోను మీద ఆడినా ఒకటే, దీని మీద ఆడినా ఒకటే. అంత మంచి పనితనం ఉట్టి డొల్లగా ఆ ఇంట్లో నిలబడి ఉంటుంది, ఆ గుండు మళ్లీ నా చేతికి రాదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. బస్సు ఇంకా కదలకముందే ఫోన్ మోగింది.

"ఏందే ఇది, స్విచ్ వేస్తే తెర ఎలగతాంది గాని గేము రావడంలా. చప్పుడు గూడా లేదు" అన్నాడు అన్న. వెనక తలుపు తీసి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు అతనికి. "ఏం నొక్కాల, చెప్పు."

"బస్సొచ్చిందన్నా" అన్నాను.

"ఏ బస్సు?"

మళ్లీ చెప్పాను. ఈసారి ఎంత గట్టిగా చెప్పానంటే, ముందు సీట్లవాళ్లు అందరూ వెనక్కి తిరిగి చూశారు.