తూటాలో పడ్డ కొసరు

మా నాన్న కిరాణా కొట్టులో త్రాసు ముల్లు మధ్యకొచ్చి ఆగినా బేరం పూర్తయ్యేది కాదు. సరుకు పొట్లంలోకి వొంపేసి, దారం చుట్టేలోపు ఎడమ చేత్తో ఇంకో చిటికెడు తీసి వేసేవాడు. అది కొసరు. కందిపప్పుకైనా అంతే, జీలకర్రకైనా అంతే. కొసరు వేయని కొట్టుకి మళ్ళీ ఎవడొస్తాడని ఆయన నమ్మకం. పదేళ్ళు ఆయన పక్కన నిలబడి నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. అదే నా కొంప ముంచబోయింది.

కరోనా వచ్చిన ఏడు, అబూధాబీ దగ్గరి మఫ్రఖ్‌లో నేను స్టోర్ కీపరుగా ఉన్న కంపెనీ మూతపడింది. వీసా పోయేలోపు మా రూమ్‌లోనే ఉండే కరీంనగర్ అన్న నన్ను తన దగ్గరికి లాక్కున్నాడు. అన్న ఆర్మీలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. అబూధాబీ బయట ఎడారిలో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో, తూటాలు కట్టే గదికి ఆయనే పెద్ద. అనుమతులున్న క్లబ్బు, నాలుగు మూలలా కెమెరాలున్న గది. నాకు తుపాకీ అంటే తిరనాళ్ళలో బెలూన్లు పేల్చేదే తెలుసు. తూచడం వచ్చా అని అడిగాడు, పుట్టిందే త్రాసు పక్కన అన్నాను. అంతే, పని దొరికింది.

తూటా కట్టడం బ్రహ్మవిద్యేం కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ, గొట్టంలో మందు, పైన గుండు. మందు బరువులోనే ఉంది అంతా. తక్కువైతే గుండు దారి తప్పుతుంది. ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరిగి, తుపాకీ కాల్చేవాడి మొహం ముందే పగులుతుంది.

మరుసటేడు బయటి దేశాల నుంచి తూటాలు రావడం దాదాపు ఆగిపోయింది. మా అర్బాబ్‌కి, అంటే క్లబ్బు యజమానికి, వాళ్ళ నాన్న వదిలిపోయిన జింకల వేట తుపాకీ ఒకటుంది. కింద ఉన్న లివరు తోసి లాగితే కాలిన గొట్టం బయటపడి కొత్త తూటా ఎక్కే పాతకాలపు రకం. దాని తూటాని థర్టీ-థర్టీ అంటారు. ఉన్న డబ్బాలు అయిపోయాయి. చలికాలం పై దేశానికి వేటకి వెళ్ళాలి, నా తుపాకీకి సరిపడే తూటా మీరే కట్టండి అన్నాడు.

ఏ తుపాకీకి ఏ బరువు నచ్చుతుందో ముందే ఎవడూ చెప్పలేడు. వరసకి ఐదు చొప్పున ఐదు వరసలు కట్టాలి. మొదటి వరస తేలిక. ఆపైన వరస వరసకీ వెంట్రుకవాసి పెంచుకుంటూ పోవాలి. ఐదో వరస, పుస్తకంలో ఇచ్చిన హద్దుకి కాస్త ఇవతలే ఆగాలి.

"తమ్మీ, గీడ మనం పప్పు జోకుతలేం," అన్నాడు అన్న. "గా హద్దు దాటితే మనిషి ఖలాస్."

మొదటి మూడు వరసలూ ఆయనే తూచాడు. తర్వాత మోకాలు పీకేస్తోందని కుర్చీలో వెనక్కి వాలి, మిగతా పదీ నన్ను తూచమన్నాడు. ముల్లుని గీత మీద నిలబెట్టడంలో నన్ను మించినవాడు లేడని నాకు పొగరు. పళ్ళెంలో తూచి, గరాటులోకి వొంపి, గుండు బిగించి, డబ్బాలో పేర్చాను. అన్న తలూపాడు. నేనూ కాలరెగరేసుకుని ఇంటికెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే అర్బాబ్ వచ్చి డబ్బా తీసుకుని కాల్చే చోటికి వెళ్ళాడు. అది మా గదికి నాలుగు వందల గజాల దూరం, మధ్యలో అంతా ఇసుక. ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో వదిలేసి వెళ్ళాలి, క్లబ్బు కానూన్ అది. కాసేపటికి చప్పుళ్ళు మొదలయ్యాయి. ఐదు, కాస్త విరామం, మళ్ళీ మొదలు. వరస ప్రకారం కాలుస్తున్నాడు. నేను చాయ్ కలిపి అన్నకిచ్చాను. ఆయనకి షుగరు, అర చెంచా మించకూడదు.

"అర చెంచా అన్నగద తమ్మీ. మల్ల గా చిటికెడు ఎందుకేసినవ్?"

"ఎక్కడేశానన్నా?"

"గిప్పుడే. చెంచా పక్కకు వెట్టి, ఎడమ చెయ్యితోని. రోజూ ఏస్తవ్. నన్ను సంపుతవా ఏంది?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను నా ఎడమ చేతిని చూసుకున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ చక్కెర అంటుకుని ఉంది. వేసినట్టు నాకు తెలియనే తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే అవే రెండు వేళ్ళకి బూడిదరంగు నలుసులు అంటుకున్నాయి. మందుని చెంచాతో తప్ప వేళ్ళతో ముట్టం. మరి వేళ్ళకి ఎలా అంటింది? త్రాసు మీద అంతా సరిగ్గానే ఉంది. పళ్ళెం గరాటులోకి వొంపేశాక, గొట్టం మూసేలోపు, నా దరిద్రపు చెయ్యి దాని పని అది చేసేసింది. పొట్లం కట్టే ముందు మా నాన్న చేసినట్టే.

బయట పదో చప్పుడు వినిపించింది. మూడో వరస మొదలవబోతోంది. ఆ తర్వాతవన్నీ నావే.

అబద్ధమెందుకు, నోరు మూసుకుందామని నాకు ఒక్క క్షణం అనిపించింది. చిటికెడే కదా, ఏమీ కాకపోవచ్చు. చెబితే ఉద్యోగం పోతుంది, అటునుంచటే విమానం ఎక్కిస్తారు. పైగా తూటాల వ్యవహారం, జైల్లో కూడా వేస్తారేమో. పదకొండో చప్పుడు వినబడింది. అర్బాబ్ చెంప తుపాకీ కర్రకి ఆనించి, కుడి కన్ను దగ్గరగా పెట్టి కాల్చే తీరు నా కళ్ళ ముందు మెదిలింది.

"అన్నా, ఆ చిటికెడు తూటాల్లో కూడా వేశాను."

అన్న చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఎన్నిట్ల?"

"నేను తూచిన పదింట్లోనూ వేసే ఉంటాను."

"ఉరుకు," అన్నాడు. "నా మోకాలితోని అయితలేదు. ఆపుమని ఒర్రు. ఉరుకు తమ్మీ."

ఆ క్లబ్బులో ఊడ్చేవాడు కూడా 'స్టాప్' అని అరవొచ్చు. అరిచిన మరుక్షణం ఎంతటివాడైనా తుపాకీ కింద పెట్టాల్సిందే. కానీ అరిచినవాడు ఎందుకు అరిచాడో అక్కడే, అందరి ముందూ చెప్పాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఉత్తుత్తినే అరిచిన ఒకతను నెల తిరక్కుండా కనబడకుండా పోయాడు. అవన్నీ పరిగెత్తుతూనే గుర్తొచ్చాయి నాకు. ఇసుకలో కాలు దిగబడుతోంది, ఎండకి కళ్ళు తెరవలేకపోతున్నాను. పన్నెండు. పదమూడు. ఇంకా సగం దూరం కూడా రాలేదు. పద్నాలుగు. అరిచాను, నా కేక చప్పుళ్ళలో కలిసిపోయింది. పదిహేను.

విరామం వచ్చింది. కాగితం మీద బొక్కలు చూసుకుంటున్నాడు కాబోలు. దేవుడా, ఇంకాసేపు చూసుకోనీ అనుకున్నాను.

పదహారోది వేరేగా మోగింది. గట్టిగా, గుండెల మీద కొట్టినట్టు.

నేను వెళ్ళేసరికి అర్బాబ్ మనిషి మనిషిలాగే ఉన్నాడు. కానీ లివరు కదలడం లేదు. అరచేత్తో గుద్దుతున్నాడు. డబ్బా బల్ల మీద ఎండలో వెచ్చగా కాగుతోంది. అదొకటి, వేడికి మందు ఇంకా రెచ్చిపోతుంది. లివరు కటక్కున కదిలి, కాలిన గొట్టం కింద పడింది. ఆయన మళ్ళీ తుపాకీ భుజానికెత్తాడు.

"స్టాప్."

ఆ గొంతు నాదేనా అనిపించింది. తుపాకీ బల్ల మీదికి దిగింది. ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. "క్యా హువా?"

వచ్చిన హిందీలో చెప్పాను. మీ తూటాల్లో మందు ఎక్కువ పడింది, నేనే వేశాను, తెలియకుండా వేశాను అని. ఆయన తుపాకీలోని తూటాలు తీసి బల్ల మీద పెట్టి, రిజిస్టరు నా ముందుకు తోశాడు. తిట్టినా బాగుండేది.

అన్న కుంటుకుంటూ వచ్చి కాలిన గొట్టాన్ని తిప్పి చూశాడు. అడుగున టోపీ ఒత్తిడికి అప్పడంలా అణిగిపోయి ఉంది. మిగిలిన తొమ్మిదీ గదికి తెచ్చి, గుండ్లు ఊడబీకి, అర్బాబ్ ముందే తూచాడు. తొమ్మిదింటిలోనూ ఎక్కువే. తొమ్మిదింటిలోనూ ఇంచుమించు ఒకటే ఎక్కువ.

"తప్పు గూడ గింత బరాబర్ జేసేటోణ్ణి నేను సూడలే," అన్నాడు అన్న. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఐదో వరస కాలిస్తే అర్బాబ్ కన్ను పోతుండె," అన్నాడు.

ఎందుకు వేశావని అడిగాడు అర్బాబ్. కొసరు గురించి చెప్పాను. కొట్టు గురించి, మా నాన్న ఎడమ చేతి గురించి. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆయన త్రాసుని నా ముందుకి జరిపాడు.

"ఫిర్ సే తోలో," అన్నాడు చివరికి. "తుమ్ హీ. జబ్ మై చలావూంగా, మేరే బగల్ మే ఖడే రహ్‌నా."

మళ్ళీ నన్నే తూచమన్నాడు. కాల్చేటప్పుడు తన పక్కనే నిలబడమన్నాడు.

ముందు తుపాకీని నిపుణుడి చేత పరీక్ష చేయించాడు. వారం తర్వాత పది గొట్టాల ముందు మళ్ళీ కూర్చున్నాను. ఎడమ చేతిని అన్న చేత రుమాలుతో బెల్టుకి కట్టించుకున్నాను. ఒంటి చేత్తో పూటంతా పట్టింది. మూడు సార్లు ఆ చెయ్యి రుమాలుని గుంజింది, అబద్ధం కాదు.

మర్నాడు అర్బాబ్ తన రెండో కళ్ళజోడు నాకిచ్చాడు. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబెట్టుకున్నాడు. అన్న రానక్కర్లేకపోయినా వచ్చి నా వెనకే నిలబడ్డాడు. తూటా ఎక్కించి అర్బాబ్ నా వైపు తిరిగాడు. "డాలా?" వేశావా అని.

"నహీ, అర్బాబ్."

కట్టేసిన చేతితో ఎలా వేస్తాను? అయినా నాకు నమ్మకం లేదు. నా చేతిని నేనే నమ్మలేని రోజొకటి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆయన చెంప ఆనించాడు. నేను కళ్ళు మూసుకోలేదు, మూసుకునే హక్కు నాకు లేదనిపించింది.

పది చప్పుళ్ళు. పది సార్లూ లివరు తేలిగ్గా ఆడింది. ఆఖరి గొట్టాన్ని ఆయన నేల మీంచి తీసి నా ఎడమ అరచేతిలో పెట్టాడు. ఇంకా చురుక్కుమంటోంది. నేను వదల్లేదు. అందరి ముందూ ఏడ్చేశాను.

గదికొచ్చి అన్నకి చాయ్ పెట్టాను. అర చెంచా చక్కెర వేసి, డబ్బా మూత పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆయన నా చేతుల వైపు చూసి, గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు.

"గిదేంది తమ్మీ," అన్నాడు, "సప్పగున్నది."