నూనె బాబాయి, హీటరు మీట

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ నూనె బాబాయి అంటారు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునేలోపే జేబులోంచి చిన్న డబ్బా తీసి, తలుపు బందుకో గేటు గడియకో రెండు చుక్కలు వేసేస్తాడు. వేయకపోతే ఆయనకు మంచినీళ్ళు కూడా గొంతు దిగవు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టాడని భార్య దెప్పుతుంది.

ఆమె బేకరీలో పిండి కలిపేవాళ్ళందరికీ పెద్ద. తెల్లవారకముందే పాత కారు తనే నడుపుకుంటూ వెళ్తుంది. చలికి ఆమె వేళ్ళ కణుపులు బిగుసుకుపోతున్నాయి. కారులో హీటరు మీట అంతకంటే బిగుసుకుపోయింది. ఎంత లాగినా కదలదు. వేడిగాలి లేక ముందు అద్దానికి ఆవిరి పడితే మోచేత్తో తుడుచుకుంటూ నడిపేది. మొన్న బేకరీ గేటు స్తంభానికి కారు రాసుకుంది.

"ఇక నా వల్ల కాదండీ. ఈ వారం సెలవు అవగానే వెళ్ళి మానేస్తానని చెప్పేస్తా" అంది ఇంటికొచ్చి. ఏడుస్తూ అని ఉంటే ఆయన ఓదార్చేవాడు. చాలా మామూలుగా అంది. అందుకే ఆయనకు భయం వేసింది. పిండి బాగా పొంగిన రోజు ఇల్లంతా కూనిరాగాలు తీస్తూ తిరిగే మనిషి, ఖాళీగా కూర్చుంటే ఏమైపోతుంది?

సెలవు రోజు ఆమె తన అక్క ఇంటికి నడిచి వెళ్తూ, "నేనొచ్చేదాకా కారు జోలికి వెళ్ళకండి" అని మరీ మరీ చెప్పింది. అలా మలుపు తిరిగిందో లేదో, ఆయన కారులో ఉన్నాడు.

మీట పిడి ఊడదీశాడు. లేచి వీధి చూసి వచ్చాడు. స్క్రూలు విప్పి, మళ్ళీ వీధి చూసి వచ్చి, ప్యానెల్ ముందుకు లాగాడు. మీట వెనక నుంచి ఒక తీగ సన్నటి గొట్టంలో దూరి లోపలికి పోతోంది. దాన్ని పట్టి ఉంచిన క్లిప్పు దగ్గర దర్జీ సుద్దతో గీత గీసుకుని, తీగను విడదీసి లాగాడు. హాయిగా జారింది.

"అయితే దొంగవి నువ్వు కాదన్నమాట" అన్నాడు తీగతో. మీటను ఒక్కదాన్నే కదిపాడు. ససేమిరా అంది.

టార్చి వేసి చూశాడు. మీట జారే గాడి నిండా దుమ్మూ జిడ్డూ కలిసి నల్లగా ముద్దకట్టింది. వేలికి తీసుకుని వాసన చూశాడు. కుట్టుమిషను నూనె!  కారెక్కినప్పుడల్లా చెయ్యి ఊరుకోక ఆ మీట సందులో చుక్కలు వేసింది తనే. వేసిన నూనెకు దుమ్ము పట్టి మీట బిగిసేది. బిగిసిందని మళ్ళీ వేసేవాడు. ఆమె ఉద్యోగానికి తన చేత్తో తనే ఎసరు పెట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అప్పటికీ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. డబ్బాను తీసి వెనక సీట్లోకి విసిరికొట్టాడు. సబ్బునీళ్ళు, పాత పళ్ళబ్రష్షు తెచ్చి గాడిని కడిగాడు. ఇక ఆరేదాకా ఆగాలి. ఆ ఆగడమే ఆయనకు గండం. కారు చుట్టూ తిరిగాడు, టైర్లను తన్నాడు, ఆరిందేమోనని ఊదాడు, మళ్ళీ తిరిగాడు. చివరికి ప్లాస్టిక్కుకు పడే తెల్ల గ్రీజు పెసరగింజంత రాసి, తీగను సుద్దగీత దగ్గరే బిగించాడు.

ప్యానెల్ ఇంకా ఒళ్ళో ఉండగానే ఆమె వచ్చేసింది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదండీ!"

"తర్వాత తిడుదువుగాని. ముందు దీన్ని చిటికెన వేలితో లాగు."

అనుమానంగానే లాగింది. మీట ఆ చివరిదాకా జారిపోయింది. వెనక్కి నెట్టింది. మళ్ళీ లాగింది.

"ఇన్నాళ్ళూ దీనికేం రోగం?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, నల్లటి గుడ్డ చూపించాడు. "నా నూనే. నేనే పాడుచేశా."

ఆమె గుడ్డను చూసింది, ఆయన్ను చూసింది. "ముందు ఆ స్క్రూలు బిగించండి" అని లోపలికి వెళ్ళిపోయింది. మానేసే సంగతి ఆమె ఎత్తలేదు. అడగడానికి ఆయనకు ముఖం చెల్లలేదు.

మర్నాడు చీకటితోనే కారు చప్పుడు విని ఆయన దిగ్గున లేచాడు. వీధి తలుపు తీస్తే కిర్రుమంది. చెయ్యి జేబులోకి పోయింది. వెనక సీటు గుర్తొచ్చి కారు దగ్గరికి పరిగెత్తాడు. ముందు అద్దం మీద ఆవిరి కరిగిపోయి, లోపల ఆమె ముఖం స్పష్టంగా కనిపిస్తోంది.

"నా నూనె డబ్బా..."

ఆమె కిటికీ దించింది. "నా సంచిలో ఉంది. డ్యూటీ దిగి వచ్చాక ఇస్తా. రేపు పొద్దున మళ్ళీ పట్టుకుపోతా."