నాలుగు నిమ్మకాయలు

గ్యాస్ స్టేషన్‌లో డీజిల్ పొగ సోకితే నాకిప్పటికీ నిమ్మకాయలు గుర్తొస్తాయి.

నా ఏడో ఏట పక్కింటి డేవ్ అంకుల్, రోజూ సరుకు తోలే తన సెమీ ట్రక్కుతోనే కౌంటీ ఫెయిర్ అనే జాతరలో బరువుబండి లాగే పందేనికి దిగారు. ట్రక్కు పాడైతే సోమవారం నుంచి ఆయనకు పని లేదు. అందుకే అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

"కారుకి పెట్టినట్టు నాలుగే తెచ్చా. దీనికి పది చక్రాలున్నాయే," అంది నాతో.

ట్రక్కు నల్లటి పొగ కక్కుతూ కదిలింది. నిమ్మకాయ పడని చక్రాలనే చూశాను. కాసేపటికి అవి ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ట్రక్కు ఆగిపోయింది.

వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఆమె హుషారు చూస్తే ఇంకా ఒళ్లు మండేది.

ముందుకెళ్లేకొద్దీ వెనకున్న ఆ బరువుబండి ఇంకా బరువెక్కుతుందని, ఏ ట్రక్కయినా ఎక్కడో ఆగక తప్పదని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు అందరికంటే దూరం లాగి గెలిచింది డేవ్ అంకులేనట.